తలుపులు వేయని పేట

నమోదు 88

ఈ జనం తలుపులు వేసుకోరు. నా కష్టమంతా అక్కడే ఉంది.

పేటలో ఏ ఇల్లు చూసినా వీధి తలుపుకు సూటిగా నడవ తలుపు, దానికి సూటిగా పెరటి తలుపు. మూడూ బార్లా తెరిచి ఉంటాయి. వీధిలో నిలబడితే పెరట్లో ఆరేసిన చీర దాకా కనిపిస్తుంది. చూసేవాళ్ళకు ముచ్చటగానే ఉంటుంది, కష్టమేమిటో ఈ బొమ్మంతా గీసే సర్వర్‌ని అడగాలి. చీరను గీయాలి, చీర నీడను గీయాలి, మధ్యలో మంచం, మంచం కింద చెప్పులు, గూట్లో పచ్చడి జాడీలు, జాడీ మూతికి కట్టిన గుడ్డ, అన్నిటినీ రెప్పపాటులో ఎన్నోసార్లు గీయాలి. ఒక్కసారి వెనకబడిందా, కళ్ళజోడులో లోకం తడబడుతుంది. జోడు పెట్టుకున్న మనిషి తిన్నదంతా కక్కుకుంటాడు.

కనిపించనిదాన్ని గీయకుండా చూడటం నా ఉద్యోగం. నన్నిక్కడ కోత రత్నమాల అంటారు, ముఖం మీద కాదనుకోండి. తలుపు మూసి ఉంటే దాని వెనక గది లేనట్టే లెక్క. ఒక్క చెక్క గీసి చేతులు దులుపుకోవచ్చు. ఈ గేమ్‌ని మొదట అల్లినవాళ్ళెవరో చలిదేశంవాళ్ళు. లోపలికి రాగానే తలుపు మూస్తారు, బయటికి వెళ్ళగానే మూస్తారు. లెక్కంతా ఆ మూసిన తలుపు మీదే కట్టారు. అందులో తీసుకొచ్చి మావాళ్ళ చేత కాపురం పెట్టించారు.

మావాళ్ళని తప్పు పట్టలేను కూడా. చంద్రుడి మీద ఈ మంచు గనిలో మనిషికి దక్కేది, పడుకుంటే ముక్కు పైకప్పుకు తగిలే ఇనప అర. ఆడవాళ్ళకో వరస, మగవాళ్ళకో వరస. మొగుడూ పెళ్ళాలైనా సరే, వరసలు వేరే. పని దిగి అరలో దూరి జోడు పెట్టుకుంటేనే ఇల్లూ వాకిలీ, ఎండా నీడా. మిగతాదంతా ఉక్కు గొట్టాలు.

పైడితల్లి ఇల్లు అన్నిటికన్నా బరువు. ఆమె నీళ్ళు శుద్ధిచేసే చోట పని చేస్తుంది, మొగుడు అప్పలసూరి మంచు బండి తోలుతాడు. ఇంటినిండా ఇత్తడి సామాను. ప్రతి బిందె బొజ్జ మీదా ఎదుటి గోడ, ఆ గోడ మీది బిందెలు, మళ్ళీ వాటిలో ఇంకేవో. ఆ మెరుపు కాస్త తగ్గించుకోమని అడిగాను. చింతపండు పెట్టి తోమినవి, ఎలా తగ్గుతాయంది. నిజమే, తోముతుంది. గేమ్‌లో సామాను మాయదు, అయినా తోముతుంది.

మస్తాన్ వలీ గారు ఈ బసకు పెద్ద. మంచి మనిషే, కానీ మెత్తగా నొక్కుతారు. మంచు తవ్వే గోతిలో బండ్లకు దారి చూపేది కూడా ఈ సర్వరే. పేట బరువు ఇలాగే పెరిగితే బండ్లు గుడ్డివైపోతాయి, ఏదో ఒకటి చెయ్యమ్మా అన్నారు. వేడెక్కిన సర్వర్‌ని చల్లార్చుకుందామన్నా బయట గాలి లేదు. చేస్తాను అన్నాను. అన్నప్పటినుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

నమోదు 91

చేశాను. మనిషి గడప దాటగానే తలుపు దానంతటదే మూసుకునేలా పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే సభ పెడతారు, సభ పెడితే పని జరగదు.

పొద్దుటి డ్యూటీ వాళ్ళు ఇళ్ళల్లోంచి బయల్దేరిన సమయానికి సర్వర్ దూదిపింజంత తేలికైంది. ఇన్నాళ్ళ ఉద్యోగంలో బరువు చూపే గీతను తెర మీద అంత అందంగా చూడలేదు. రెండో గ్లాసు టీ కూడా తాగాను. ఆ టీ గొంతు దిగేలోపే తలుపు తట్టారు, ఇనప తలుపు, నిజం తలుపు.

వచ్చినవాడు యాదగిరి. డ్రిల్లు మేస్త్రీ, పేటలో ఏ తగువైనా ఆయన అరుగు మీదే తెగాలి. వెనక ఇంకో పదిమంది. మనిషి బయటికి వెళ్ళిన వెంటనే తలుపు వేయకూడదట, ఇల్లు ఊడవకూడదట. వెళ్ళినవాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆగాలట. నాకు తెలియక కాదు. మా అమ్మా అలాగే చేసేది, నేను సైకిలెక్కి సందు దాటేదాకా గుమ్మంలోనే నిలబడేది. కానీ ఇది గేమ్ కదా, మీరు నిజంగా వెళ్ళేది అరలోంచి కదా, ఆ గడప గీసిన గడప కదా అని వాదించాను.

యాదగిరి ఓపిగ్గా అంతా విన్నాడు. "మనిషి గడప దాటంగనే ఎనక తలుపు పడితే ఏమైనట్టు? మళ్ళ రాకు అని చెప్పినట్టు కాదా? మేం పోయేది గోతిలకమ్మా. పెరట్లకు కాదు."

నాకు కోపమొచ్చింది. వాళ్ళు వెళ్ళాక ఆ పదిమందికీ మనసులో ఒక్కొక్క జవాబు చెప్పుకుంటూ గంటసేపు గదిలో పచార్లు చేశాను. ఒక్కటీ బాగా రాలేదు.

నమోదు 92

రాజీ. వెళ్ళినవాళ్ళు వీధి మలుపు తిరిగాక తలుపు మెల్లగా మూసుకుంటుంది. చప్పుడు తీసేశాను. యాదగిరి సరేనన్నాడు. పేట సరేనంది.

పైడితల్లి ఒక్కతే అనలేదు. పని చూసుకుని నేరుగా నా గదికే వచ్చింది. అసలు మనిషిని అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు. గేమ్‌లో కన్నా పొట్టిగా, నల్లగా ఉంది, చేతులు మందుల నీళ్ళకు పొలుసులు లేచిపోయి ఉన్నాయి.

"మాయన గోతిలోకి దిగితే నాకు మనసు నిలవదమ్మా," అంది. "తిరిగొచ్చీదాకా మా తలుపొక్కటీ వొదిలీ. నీకేటి పోద్ది?"

ఏం పోతుందో చెప్పాను. ఆ ఇత్తడి సామాను ముందు తలుపు తెరిచి ఉంచడమంటే పక్క వీధి మొత్తం తెరిచి ఉంచినట్టేనని, ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలని చెప్పాను. చెబుతున్నంతసేపూ నా గొంతు నాకే ఏదో ఆఫీసులో గుమాస్తా గొంతులా వినిపించింది. ఆమె వెళ్తూ వెళ్తూ నా గది తలుపు తనే దగ్గరగా వేసి వెళ్ళింది.

నమోదు 97

అంతా సజావుగా ఉంది. బొమ్మ తడబడటం లేదు. మస్తాన్ గారు మెచ్చుకున్నారు. నాకే ఎందుకో కాలు నిలవడం లేదు. గోళ్ళన్నీ కొరికేసి, ఇక చేసేదేమీ లేక, గూళ్ళలోని జాడీల మీద పడ్డాను. దూరంనుంచి చూస్తే పచ్చడి జాడీకి మూతా గుడ్డా అక్కర్లేదు, రంగు ముద్ద చాలు. దగ్గరికి వచ్చేకొద్దీ మూత, గుడ్డ, తాడు, ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోవాలి. మనిషి అడుగు కంటే ఒక అడుగు ముందుండాలి, పట్టుబడకూడదు. దొంగతనానికీ ఈ పనికీ పెద్ద తేడా లేదు.

నమోదు 103

అప్పలసూరి బండి కనిపించడం లేదు.

గోతి అంచు జారింది. రెండో బండివాళ్ళు దుమ్ము లేవడం చూశారు, ఆ తర్వాత అతని రేడియో మూగబోయింది. ఆ గోతిలో ఎండ ఎన్నడూ పడదు, చీకటి తప్ప మరొకటి తెలియదు. బండిలో గాలి ఒక పూటకు వస్తుంది, పొదుపుగా పీలిస్తే ఇంకాస్త.

పైన తిరిగే ఉపగ్రహం గోతి మొత్తం మీద రాడార్ కొట్టి ప్రతిధ్వనులు పంపింది. పెద్ద గుట్ట. ఆ గుట్టలో రాయికీ ఇనుముకూ తేడా పట్టి, బండి ఎక్కడ పూడిందో చెప్పాల్సింది మా సర్వరే. రెండో బండి గోతి అంచునే నిలబడి ఉంది. చోటు చెబితే వెళ్ళి తవ్వుతారు. చెప్పకపోతే ఆ విశాలంలో ఎక్కడని తవ్వుతారు?

వెతుకులాట మొదలుపెట్టాను. తర్వాత ఎవరూ అడక్కుండానే పైడితల్లి ఇంటి వీధి తలుపు తీసిపెట్టాను. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా నా చేత్తో మూయించిన తలుపు అది.

నమోదు 104

రాయడానికి కూర్చున్నాను కానీ కూర్చోలేకపోతున్నాను. నిలబడే రాస్తున్నాను.

వెతుకులాట నత్తనడక నడిచింది. సర్వర్‌లో సగమైనా దానికి రావాలి, పావు కూడా రాలేదు. ఆ వచ్చిందీ తగ్గుతూ పోయింది. ఎవరు తినేస్తున్నారా అని చూస్తే, పేట. పేటలో కూడా ఒకే ఒక్క ఇల్లు.

అందరూ పైడితల్లి ఇంటికి వచ్చారు.

కబురు తెలియగానే డ్యూటీలో లేనివాళ్ళంతా ఎవరి అరల్లో వాళ్ళు దూరి, జోళ్ళు పెట్టుకుని, ఆమె దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఆపదొచ్చిన ఇంటికి వెళ్ళకపోతే మనుషులమా? నడవ నిండిపోయింది, పెరడు నిండిపోయింది, అరుగుల మీద ఖాళీ లేదు. ఎవరూ ఏమీ మాట్లాడటం లేదు. ఊరికే ఉన్నారు. ఆ ఊరికే ఉండటమే నా కొంప ముంచింది. ఎందుకంటే సర్వర్ ఒక్కొక్కరి కళ్ళకూ విడిగా గీయాలి. అంతమంది కళ్ళల్లో అన్ని బిందెలు, ప్రతి బిందెలో అంతమంది మనుషులు. పాపం, అతని కోసం వచ్చి, అతన్ని వెతికేదాన్ని నిలువునా తినేస్తున్నారు. ఆ సంగతి ఒక్కరికీ తెలియదు.

మస్తాన్ గారు గేమ్‌ని కట్టేయలేమా అని అడిగారు. కట్టేయలేం. వెనకోసారి ఉన్నపళాన కట్టేస్తే అరల్లో ఉన్నవాళ్ళు కళ్ళు తిరిగి స్పృహ తప్పారు, ఒకాయన గుండె ఆగినంత పనైంది. అప్పటినుంచీ ఎవరంతట వాళ్ళే బయటికి రావాలి. వాళ్ళు లోపల ఉన్నంతసేపూ బొమ్మ ఆగకూడదు గనుక, పేట అడిగినంతా ముందు పేటకిచ్చాకే మిగతా పనులు. సర్వర్‌కి పుట్టుకతో నేర్పిన బుద్ధి అది, నేను మార్చలేను. కారణం ఎత్తకుండా, జోళ్ళు తీసి బయటికి రమ్మని మాత్రం మైకులో చెప్పి చూడమన్నాను. చెప్పారు. పైడితల్లిని వదిలి రావాలా అని ఒక్కరు కూడా కదల్లేదు, పైగా మైకు విని కొత్తగా కొందరు వచ్చారు.

ఇక నాకు తెలిసిన విద్య ఒక్కటే. కోత.

ముందు పైకప్పు పెంకులు తీసేశాను, ఎవరూ తలెత్తి చూడటం లేదు కదా అని. పెరట్లో చెట్ల ఆకులు తీసేశాను. గూట్లో జాడీలు, గోడకున్న కేలెండరు, మంచం కింద చెప్పులు. తర్వాత ఇత్తడి సామాను మీద చెయ్యి వేశాను. పై వరస పోయింది. రెండో వరస పోయింది. మూడో వరస తీస్తుంటే తెరలో పైడితల్లి లేచి నిలబడింది.

నేను కూడా జోడు పెట్టుకుని ఆ ఇంటికి పరిగెత్తాను. నడవలో జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళేసరికి ఆమె ఖాళీ గోడకు వీపు ఆనించి, మిగిలిన బిందెను రెండు చేతులా పట్టుకుని ఉంది. నన్ను చూడగానే పోల్చుకుంది.

"మా ఇల్లు ఎందుకు కాళీ చేసేస్తన్నావమ్మా?" అంది. "ఆయన లేడని ఎవులైనా సెప్పినారేటి?"

ఆ మాటతో నాకు బుర్ర తిరిగింది. మనిషి పోయిన ఇంట్లో వస్తువులు సర్దినట్టు సర్దుతున్నాను నేను, అతను ఇంకా ఊపిరి పీలుస్తుండగా. నాకు లెక్క తప్ప ఏమీ కనిపించలేదు. చుట్టూ అంతమందీ నా వంక చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎవరూ చెప్పలేదు పైడితల్లీ," అన్నాను. "ఆయన్ని వెతుకుతున్నది ఈ ఇంటిని గీస్తున్న సర్వరే. ఇక్కడ ఎంతమంది కూర్చుంటే అక్కడ వెతుకులాట అంత ఆగిపోతుంది. ఆపడానికి నాకు వేరే దారి తెలియక సామాను తీశాను."

ఆమె కాసేపు జనం వైపు చూసింది. ఎన్నడూ మాట్లాడనివాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు ఆ ఇంట్లో. వాళ్ళని లెమ్మనడం ఎంత కష్టమో నాకు తెలుసు. కడుపు తరుక్కుపోయి వచ్చినవాళ్ళని పొమ్మన్న ఇల్లు ఈ ప్రపంచంలో ఉంటుందా?

"అందరికీ దణ్ణం," అంది పైడితల్లి. గొంతు పెద్దది చేయలేదు, అయినా పెరటి దాకా వినపడింది. "మీరు ఇక్కడ కూకుంటే మాయన దొరకడంట. ఎల్లి రండి. కోపం తెచ్చుకోకండి. ఎల్లి రండి."

ఎవరూ కదల్లేదు. వాళ్ళకు అర్థం కాక కాదు. ఆపదలో ఉన్న మనిషి దగ్గరినుంచి మొదట లేచి వెళ్ళిపోయే మనిషి ఎవరు? రేపు ముఖం ఎలా చూపించాలి? పక్కవాళ్ళు లేస్తే లేద్దామని ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ వంక చూస్తున్నారు. యాదగిరి ఏడుస్తూ, ఒక్కదాన్ని ఇడిసి ఎట్ల పోతమమ్మా అన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు. అలా తలలూపుకుంటూ కూర్చుంటే అక్కడ ఆ మనిషి గాలి అయిపోతుంది.

ఎలాగూ ఈ పేటలో నన్ను మెచ్చుకునేవాళ్ళు లేరు. ఉన్న చెడ్డపేరుకు ఇంకొంచెం చేరితే ఏమవుతుంది?

"పైడితల్లీ, నేను వెళ్ళొస్తాను," అని అందరికీ వినపడేలా చెప్పి, గడప దాటి, వీధిలోకి నడిచాను. వెనక ఎవరో ఏదో తిట్టారు. నేను తిరిగి చూడలేదు. మలుపు దాకా వెళ్ళేసరికి వెనక చప్పుడు. యాదగిరి గొంతు, వెళ్ళొస్తమమ్మా అంటూ. ఆ తర్వాత ఇంకొకరు. ఇంకొకరు. వర్షం మొదలైనట్టు మొదలై, వీధంతా ఆ మాటే. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

చివరికి ఇంట్లో ఆమె ఒక్కతే మిగిలింది. ఒక్క మనిషికి గీయడమంటే పెద్ద పని కాదు, ఉండమన్నా ఉండవచ్చు. ఆ మాటే చెబుదామని తిరిగి వెళ్ళాను. కానీ ఆమె అప్పటికే గుమ్మంలోకి వచ్చేసింది.

"నానూ ఎల్లిపోతాను. ఆ ఒక్క పిసరు కూడా ఆయనకే ఇచ్చీ," అంది. తర్వాత తలుపు మీద చెయ్యి వేసి అడిగింది. "ఎవులూ సూడకపోతే నువ్వు గీయవు గదా. మరి ఇది తెరిసున్నట్టా, లేనట్టా?"

ఈ ఉద్యోగంలో నన్ను ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. చేతికందిన ఓదార్పు ఏదో చెప్పేయకుండా కాసేపు నిజంగా ఆలోచించాను. తలుపును గీయడానికే సర్వర్ కష్టపడాలి. అది తెరిచి ఉందా మూసి ఉందా అని గుర్తుపెట్టుకోవడానికి ఏ కష్టమూ లేదు. పేట మొత్తంలో అంతకన్నా చవకైనది లేదు.

"తెరిచే ఉంటుంది," అన్నాను. "గీయం, అంతే. తెరిచి ఉందన్న సంగతి సర్వర్‌కి గుర్తుంటుంది. నాకూ గుర్తుంటుంది."

ఆమె తల ఊపి, జోడు తీసేసింది. పేటలో ఎవరూ లేరు. వీధి లేదు, ఎండ లేదు. తెర మీద పేట గీత నేలకు పడిపోయింది, వెతుకులాట గీత నిటారుగా లేచింది. నేను కోసిన ఏ కోతా దాని కాలిగోటికి సరిపోదు.

నమోదు 105

సర్వర్ దాని పని అది చేసుకుంటోంది. నేను చేసేదేమీ లేదు. చేసేది లేకపోవడమంత నరకం నాకు ఇంకోటి లేదు. గది గోడనుంచి గోడకు తిరిగి తిరిగి, ఇక తట్టుకోలేక బయటి నడవలోకి వచ్చాను. వచ్చి తట్టుకుని పడబోయాను.

కాళ్ళు. నడవ పొడుగునా కాళ్ళు.

పేటలోంచి లేచి వచ్చినవాళ్ళు ఎవరి అరల్లోనూ పడుకోలేదు. ఆడవాళ్ళ వరసకూ మగవాళ్ళ వరసకూ మధ్యనున్న ఆ సన్నటి ఉక్కు నడవలో, గోడలకు వీపులానించి, ఎదుటివాళ్ళ మోకాళ్ళకు మోకాళ్ళు తగులుతూ కూర్చున్నారు. మధ్యలో పైడితల్లి. ఎవరో టీ తెచ్చారు, ఒక గ్లాసు చేతులు మారుతూ వెళ్తోంది. నేను సగంమందిని పోల్చుకోలేకపోయాను. గేమ్‌లో ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి ఇక్కడ బక్కగా ఉన్నాడు, నవయవ్వనంలో ఉన్నామె ఇక్కడ జుట్టు నెరిసి ఉంది. యాదగిరి దగ్గాక గానీ యాదగిరి అని తెలియలేదు. వాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు అలాగే చూసుకుంటున్నారు, పెళ్ళిలో అవతలివైపు చుట్టాలను చూసినట్టు.

మస్తాన్ గారు దూరంగా నిలబడి ఉన్నారు. నడవలో గుంపు కూడకూడదని రూలు. ఆ రూలు రాసింది ఆయనే. నన్ను చూసి చెప్పులు విప్పి, ఆ చివర ఆయన కూడా చతికిలబడ్డారు.

యాదగిరి పక్కకు జరిగి చోటిచ్చాడు. మొదట లేచి వచ్చినదాన్ని, ఏమంటాడో అనుకున్నాను. టీ గ్లాసు నా చేతికిచ్చాడు. అప్పుడు కూర్చున్నాను, ఇన్ని రోజులకు.

నమోదు 106

దొరికాడు.

సర్వర్ గోతి తూర్పు అంచు కింద ఒక ఇనప ప్రతిధ్వనిని పట్టింది. నేను చోటు పంపాను, రెండో బండివాళ్ళు తవ్వారు. బండి పక్కకు ఒరిగి, సగం పూడి ఉంది. మనిషి లోపల చలికి బిగుసుకుపోయి, ఊపిరి పైపైనే ఆడుతూ ఉన్నాడు. ఎడమ పాదం దక్కుతుందో లేదో అని డాక్టరమ్మ అంటోంది. ప్రాణానికి భయం లేదంది. ఆ మాట ఆవిడ చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.

స్ట్రెచర్ మీద తీసుకొస్తుంటే నడవలో దారి లేదు. మావాళ్ళు అంతా అక్కడే ఉన్నారు కదా. అక్కడా అడ్డమే, ఇక్కడా అడ్డమే. నేను అరిచాను, మస్తాన్ గారు అరిచారు, అందరూ లేచి గోడలకు బల్లుల్లా అతుక్కున్నారు. ఆ రెండు వరసల మధ్యనుంచి మెల్లగా తోసుకుంటూ తెచ్చారు. పైడితల్లి స్ట్రెచర్ అంచు పట్టుకుని నడిచింది. అతని ముఖం కేసి తప్ప ఇంకెటూ చూడలేదు.

సగం దూరం వచ్చాక అప్పలసూరి కళ్ళు తెరిచాడు. అటూ ఇటూ నిలబడ్డ ముఖాలన్నీ చూశాడు. పెదాలు పగిలిపోయి ఉన్నాయి, మాట పెళ్ళాంతోనే అన్నా ఆ నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది.

"ఏటే, ఊరంతా వొచ్చీసినారు? నాను సచ్చిపోనానేటి?"

ముందు యాదగిరి నవ్వాడు. తర్వాత నడవ మొత్తం నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ, ముక్కులు చీదుకుంటూ. పైడితల్లి మాత్రం నవ్వలేదు. ఇన్ని గంటలూ రాని ఏడుపు అప్పుడొచ్చింది ఆమెకు.

వైద్యశాల గుమ్మం దగ్గర ఆమె ఆగి వెనక్కి తిరిగింది. గుంపులో నన్ను వెతికి పట్టుకుంది.

"ఇంక తలుపేసీమ్మా, రత్నమాలమ్మా," అంది. "ఆయన వొచ్చీసినాడు."

ఈ మాట ఎవరో ఒకరు అంటే బాగుండునని నెలల తరబడి ఎదురు చూశాను. తీరా అన్నాక తల ఊపి, గదికి వచ్చి, సర్వర్ ముందు నిలబడ్డాను. తీసేసిన సామానంతా మొదట మళ్ళీ వరసల్లో సర్దేశాను, పెంకులూ ఆకులూ చెప్పులతో సహా. తలుపు మూయడానికి ఒక్క మీట చాలు. వేలు దాని దాకా తీసుకెళ్ళి, ఆగిపోయాను.

జోడు పెట్టుకున్నాను. పేటలోకి ఇంకా ఎవరూ రాలేదు. వీధి మొదట్లోనుంచి నడిచి వెళ్ళి, ఆ గడప ముందు నిలబడి, లోపలికి పెరటి దాకా ఒకసారి చూసి, నా చేత్తో దగ్గరగా వేసి వచ్చాను.